నజ్వా ఓడిపోయిందా? పరాయి దేశంలో ముస్లిం స్త్రీల కథలు చదువుతూ

పాతపుస్తకం | ఆదివారం, ఉదయం 10:15

విజయవాడలో మేము అయిదుగురం ఆడవాళ్ళం నెలకొక నవల ఎంచుకుని కలిసి చదువుకుంటాం. ఈ నెల లైలా అబూలేలా నవల ‘మినారెట్’ చదివాం. 2005లో వచ్చింది. రచయిత్రి కైరోలో పుట్టి, సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో పెరిగి, 1990లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ చేరుకున్నారు. మా అయిదుగురిలో నలుగురికి నవల ముగింపు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదా అని వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. నాకు దొరికిన కారణం నాకే నచ్చడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. నజ్వా ఖార్టూమ్‌లో బాగా కలిగిన ఇంటి పిల్ల. తండ్రిది ప్రభుత్వంలో పెద్ద హోదా. ఇంటినిండా నౌకర్లు, సాయంత్రం క్లబ్బు, రాత్రి విందులు. 1985లో ప్రభుత్వం కూలుతుంది, తండ్రిని అవినీతి నేరం మీద ఉరితీస్తారు. తల్లితో, కవల సోదరుడు ఒమర్‌తో నజ్వా లండన్ వస్తుంది. ఒమర్ మత్తుమందులకు అలవాటుపడి జైలుపాలవుతాడు. తల్లి జబ్బుచేసి పోతుంది. ఇరవై ఏళ్లు గడిచేసరికి నజ్వా హిజాబ్ కట్టుకుని, ఒకప్పుడు తన ఇల్లు ఎలా ఉండేదో అలాంటి అరబ్బుల ఇంట్లోనే పనిమనిషిగా ఉంటుంది. ఆ ఇంటి చిన్నకొడుకు తామెర్ ఇంకా కాలేజీలో చదువుతున్నాడు, భక్తిపరుడు. అతనికంటే వయసులో ఎంతో పెద్దదైన నజ్వాకూ అతనికీ మధ్య ప్రేమ పుడుతుంది. చివరికి తామెర్ తల్లి ఇచ్చిన డబ్బు తీసుకుని ఆమె అతన్ని వదిలి వెళుతుంది. ఆ డబ్బుతో హజ్‌కు వెళ్ళాలని ఆమె కోరిక.

“అన్నీ పోగొట్టుకున్న మనిషి మతంలో తలదాచుకుంది, ఇది ఓటమి” అన్నది మా గదిలో వినిపించిన మాట. నేనూ అదే అన్నాను. ఇంటికి వచ్చి గిన్నెలు సర్దుకుంటూ ఉంటే అనుమానం మొదలయింది. ఇదే నజ్వా హిజాబ్ తీసేసి, తన భక్తిని చిన్నచూపు చూసిన ఆ వామపక్ష మిత్రుడు అన్వర్‌తోనే లండన్‌లో ఉండిపోయి ఉంటే “గెలిచింది” అనేవాళ్ళమా? ముసుగు తీస్తే కథ ముందుకు నడిచినట్టు, కట్టుకుంటే వెనక్కి నడిచినట్టు మనం ముందే నిర్ణయించుకుని పుస్తకం తెరుస్తున్నామా?

---

గట్టుమీదగాలి | ఆదివారం, మధ్యాహ్నం 1:40

పాతపుస్తకం గారూ, మీ అనుమానం నిజాయితీగా ఉంది. కానీ మీ మొదటి అభిప్రాయమే సరైనదని నేను అనుకుంటున్నాను.

ఒక చోట నజ్వా తన మనసులోని మాట చెబుతుంది. తామెర్ ఇంట్లో అరేబియా రాత్రుల కథల్లో లాగా ఒక దాసిగా, ఉంపుడుగత్తెగా ఉండిపోయినా చాలు, జీవితాంతం ఒక నీడ, ఒక చెందిన చోటు ఉంటుంది కదా అని. అది చదివి పుస్తకం మూసేశాను. స్వేచ్ఛ అంటే భయపడిపోయిన మనిషి మాట అది. రచయిత్రి దాన్ని ఖండించదు, ఆమె చేత ప్రశ్నింపజేయదు. పెద్దింట్లో పుట్టి నౌకర్ల మధ్య పెరిగిన అమ్మాయి తానే నౌకరు అయినప్పుడు తన తండ్రి సంపద ఎక్కడినుంచి వచ్చిందో, ఆ నౌకర్ల జీతాలు ఎంతో ఒక్కసారైనా లోతుగా ఆలోచించాలి కదా. అన్వర్ స్వభావం ఎలాంటిదైనా అతను అడిగిన రాజకీయ ప్రశ్నలు తప్పు కావు. అవినీతిపరుడైన తండ్రి గురించి కూతురు తేల్చుకోవలసిన లెక్కను నవల భక్తి కింద కప్పేసింది. నా అభ్యంతరం హిజాబ్ మీద కాదు. లెక్క తేల్చకుండా మూసేసిన ఆ పద్దు మీద.

---

తెల్లచున్నీ | ఆదివారం, రాత్రి 11:05

ఈ వేదికలో రెండేళ్ళుగా చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చ చూశాక ఊరుకోలేకపోతున్నాను.

మాది అద్దంకి దగ్గర పల్లె, దూదేకుల కుటుంబం. మా అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. నేను పదకొండేళ్ళుగా ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడ నన్ను చూసినవాళ్ళు పాకిస్తానీ అనుకుంటారు. ఉగాది పండుగకు వెళితే తెలుగువాళ్ళు “మీరు తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ” అని మెచ్చుకుంటారు. మసీదుకు వెళితే ఉర్దూ రాదని తెలిసిన క్షణం నుంచి కొందరు నాతో చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు. విశ్వాసం ఒకవైపు, పాశ్చాత్య జీవితం ఒకవైపు, మధ్యలో తాడు పట్టుకుని లాగుతున్న స్త్రీ అని ఈ నవలల గురించి రాస్తుంటారు. నా తాడుకు రెండు కొసలు లేవు, అయిదారు ఉన్నాయి.

గట్టుమీదగాలి గారూ, మీరు పుస్తకం మూసేసిన పేజీ నాకూ కష్టంగానే ఉంది. కానీ ఆ మాట అనేటప్పటికి నజ్వాకు తండ్రి లేడు, తల్లి లేదు, సోదరుడు జైల్లో ఉన్నాడు, తిరిగి వెళ్ళడానికి దేశం లేదు. ఆమె కోరుకుంటున్నది యజమానిని కాదు, ఇంటిని. రాత్రి డ్యూటీ అయ్యాక ఖాళీ గదికి తిరిగి వచ్చి తాళం తీసేవాళ్ళకు ఆ కోరిక ఎంత సిగ్గులేకుండా పుడుతుందో తెలుసు. రచయిత్రి దాన్ని అందంగా చూపించలేదు, దాచనూ లేదు.

నాకు ఈ నవల ఇష్టం కావడానికి కారణం వేరే ఉంది. మసీదులో ఆడవాళ్ళ గది. ఖురాన్ పారాయణం నేర్చుకునే తరగతి, పిల్లల ఏడుపులు, పక్కపక్కన కూర్చుని ఇఫ్తార్ తినడం. ఒక చోట పండుగ వేడుకలో ఆడవాళ్ళందరూ హిజాబ్‌లు తీసేస్తే నజ్వా ఆశ్చర్యపోతుంది, ప్రతి ఒక్కరూ వేరే మనిషిలా కనిపిస్తారు. హిజాబ్ బయటికి వేసుకునే యూనిఫాం లాంటిదనీ, అది తీశాక అసలు స్వభావాలు బయటపడతాయనీ ఆమెకు అనిపిస్తుంది. ముసుగు గురించి రాసేవాళ్ళు ఎప్పుడూ వీధిలో నిలబడి లోపలికి చూస్తారు. ఈమె లోపల కూర్చుని రాసింది. నేను పుస్తకాల్లో అలాంటి గదిని చూడటం అదే మొదటిసారి.

ఇంకొకటి. బస్సులో కుర్రాళ్ళు ఆమెను తిడుతూ తలమీద కూల్‌డ్రింకు పోస్తారు. ఆ సంఘటన తర్వాత ఆమె ఉపన్యాసం ఇవ్వదు, ఏడ్వదు, ఇంటికి వెళ్ళి శుభ్రం చేసుకుంటుంది. నాకు జరిగింది అంత పెద్దది కాదు, ఒకావిడ నా చేత సూది వేయించుకోనని ముఖం తిప్పుకుంది. నేనూ ట్రే తీసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళాను. అప్పుడు చేయగలిగింది అదే.

---

కొత్తపాఠకుడు | సోమవారం, ఉదయం 7:30

తెల్లచున్నీ గారూ, రాసినందుకు చాలా కృతజ్ఞతలు. నేను బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థిని. మాకు మోనికా అలీ ‘బ్రిక్ లేన్’ నుంచి కొంత భాగం పాఠంగా ఉంది. అందులో నజ్నీన్ చివరికి స్వేచ్ఛ సాధిస్తుందని మాకు చెప్పారు. ఆ నవలనూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూడవచ్చా?

---

నాలుగోపేజీ | సోమవారం, సాయంత్రం 6:20

తప్పకుండా చూడవచ్చు. నేను ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. ‘బ్రిక్ లేన్’ (2003) నా బల్లమీద చాలా నెలలు ఉంది, చేయలేక వదిలేశాను. ఎందుకో చెబుతాను.

నజ్నీన్ పుట్టింది బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్ ప్రాంతంలో. పద్దెనిమిదేళ్లకు, తనకంటే ఎంతో పెద్దవాడైన చాను భార్యగా, తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో ఒక ఫ్లాటులోకి వచ్చి పడుతుంది. వచ్చిన కొత్తలో ఆమెకు తెలిసిన ఇంగ్లిషు క్షమించమనడం, కృతజ్ఞత చెప్పడం అంతే. పుట్టినప్పుడు బతుకుతుందో లేదో విధికి వదిలేసిన బిడ్డ అని తల్లి చెప్పిన కథ ఆమెను జీవితమంతా వెంటాడుతుంది. ఇంట్లో కుట్టుపని మొదలుపెడుతుంది, ఆ బట్టలు తెచ్చి ఇచ్చే కరీంతో సంబంధం ఏర్పడుతుంది. చివరికి భర్తతో ఢాకా వెళ్ళనంటుంది, కరీంను పెళ్ళిచేసుకోనంటుంది. ఆఖరి పేజీలో స్నేహితురాలు రజియా ఆమెను మంచు మీద స్కేటింగ్‌కు తీసుకువెళుతుంది. చీరతో ఎలా అంటే, ఇది ఇంగ్లండు, ఇక్కడ ఏదైనా చేయవచ్చని ధైర్యం చెబుతుంది.

మీ పాఠంలో ఆ ఆఖరి పేజీకే మార్కులు ఉంటాయని ఊహిస్తున్నాను. నన్ను ఆపేసింది మాత్రం చెల్లెలు హసీనా ఢాకా నుంచి రాసే ఉత్తరాలు. అవి వ్యాకరణం లేని, విరిగిపోయిన ఇంగ్లిషులో ఉంటాయి. కానీ హసీనా రాస్తున్నది అక్కకు, తన సొంత బెంగాలీలో! సొంత భాషలో అక్కకు రాసుకునే ఆడపిల్ల అలా ఎందుకు తడబడుతుంది? పెద్దగా చదువుకోని మనిషి ఉత్తరంలో అక్షరదోషాలు ఉంటాయి, కానీ వాక్యం వంకర పోదు. మా నాయనమ్మ మూడో తరగతి వరకే చదివింది. ఆమె రాసిన కార్డుల్లో ఒత్తులు ఉండవు, వాక్యాలు మాత్రం చెక్కినట్టు ఉంటాయి. హసీనా ఉత్తరాలను తెలుగు చేయాలంటే నేను తెలుగును విరగ్గొట్టాలి. లేదా ఆమెకు ఆమె భాష తిరిగి ఇచ్చి రచయిత్రిని దిద్దాలి. రెండింటికీ చేయి రాలేదు.

ఈ తేడా చిన్నది కాదని నాకు అనిపిస్తుంది. లండన్ చేరిన అక్క ఆలోచనలు సాఫీగా సాగే ఇంగ్లిషులో ఉంటాయి, అక్కడే ఉండిపోయిన చెల్లెలి గొంతు విరిగి ఉంటుంది. కథ ఎటువైపు వెలుగు ఉందని చెబుతోందో భాషే చెప్పేస్తోంది. 2006లో ఈ నవలను సినిమాగా తీస్తున్నప్పుడు బ్రిక్ లేన్ వీధివాళ్ళు కొందరు తమను చిన్నచూపు చూశారని నిరసన తెలిపారు. రచయిత్రికి తనకు తోచింది రాసే హక్కు పూర్తిగా ఉంది, అందులో నాకు రెండో మాట లేదు. అయినా వాళ్ళ బాధకు ఒక మూలం ఇలాంటి చోటే ఉందేమో.

అబూలేలా తొలి నవల ‘ద ట్రాన్స్‌లేటర్’ (1999) నాయిక సమ్మర్ అబర్డీన్‌లో అరబ్బీ అనువాదకురాలు. భర్త కారు ప్రమాదంలో పోయాడు, కొడుకు ఖార్టూమ్‌లో అత్త దగ్గర ఉన్నాడు. తాను పనిచేసే స్కాట్లండు ఆచార్యుడిని ప్రేమిస్తుంది, అతను ఇస్లాం స్వీకరించకపోతే పెళ్ళి లేదు. ప్రేమ కోసం ఆమె మారదు, కథ ఆమె దగ్గరికి నడిచివస్తుంది. ఇంగ్లిషు నవలలో ఇది ఎంత అరుదో చూడండి. ఇంగ్లిషు ఆమెకు జీతం ఇచ్చే భాష, ప్రార్థన మాత్రం అరబ్బీలోనే. ఈ పుస్తకాన్ని తెలుగు చేయడం హాయిగా ఉంటుందనిపిస్తుంది.

---

నిర్వాహకులు | సోమవారం, రాత్రి 8:00

సభ్యులకు మనవి: ముగింపులు బయటపెట్టే ముందు ఒక మాట హెచ్చరించండి. తెల్లచున్నీ గారికి స్వాగతం.

---

ఇరానీచాయ్ | మంగళవారం, ఉదయం 5:50

ముగింపు చెప్పను కానీ మధ్యలో విషయాలు చెబుతాను. నేను హైదరాబాదు టోలీచౌకీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాను. మా ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. తెల్లచున్నీ అక్కా, మసీదులో మీకు జరిగినది చదివి సిగ్గుపడ్డాను. అలా మాట్లాడేవాళ్ళలో మా వాళ్ళూ ఉంటారు.

మీరందరూ బ్రిటన్ నవలలు చెప్పారు. సిరియా మూలాలున్న అమెరికన్ రచయిత్రి మోజా కహ్ఫ్ నవల ‘ద గర్ల్ ఇన్ ద టాంజరిన్ స్కార్ఫ్’ (2006) కూడా చదవండి. ఖద్రా అనే అమ్మాయి ఇండియానా రాష్ట్రంలో, మతసేవకు అంకితమైన తల్లిదండ్రుల దగ్గర పెరుగుతుంది. చిన్నప్పుడు బడిలో ఇచ్చిన మిఠాయిలో పంది నుంచి తీసిన జెలటిన్ ఉందని తెలిసి ఆ పిల్ల తల్లడిల్లిపోతుంది. నేను అక్కడ పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నా కూతురు నాలుగేళ్ల వయసులో పుట్టినరోజు పార్టీలో ఇలాగే ఒక మిఠాయి తిని, రాత్రి పక్కలో “అల్లాకు కోపం వచ్చిందా అమ్మీ?” అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక దగ్గరికి తీసుకున్నాను.

ఈ నవలలో ఖద్రా తలగుడ్డను రెండుసార్లు లాగుతారు. ఒకసారి ఇండియానాలో తోటి విద్యార్థులు, విదేశీదానివని. ఇంకోసారి సౌదీలో, కుటుంబంతో హజ్‌కు వెళ్ళినప్పుడు, అక్కడి కుర్రాడు, అమెరికా పిల్లవు కదా నీకేమిటి అని. ఒకే గుడ్డ, రెండు దేశాలు! అదే ప్రయాణంలో ఆమె తెల్లవారుజామున ఫజర్ నమాజుకు మసీదుకు బయలుదేరితే పోలీసులు పట్టుకుని ఇంటికి తెచ్చి అప్పగిస్తారు, ఆడపిల్ల ఒంటరిగా మసీదుకా అని. దేవుడి దాసురాళ్ళను దేవుడి మసీదులకు రాకుండా ఆపవద్దన్న హదీసును, అంటే ప్రవక్త మాటను, చిన్నప్పటినుంచి విన్న పిల్ల ఆమె. ఆ నమ్మకం నేర్పిన తండ్రి ఆ ఉదయం తలవంచుకుని నిలబడతాడు.

విశ్వాసం ఎక్కడో తూర్పున పుట్టి పడమటికి వచ్చి కష్టపడుతుందని అనుకుంటాం. ఖద్రాకు తన విశ్వాసం ఇండియానాలో నేర్చుకున్నది. అది సౌదీలో దెబ్బతింటుంది. తర్వాత పెళ్ళిచేసుకున్న కువైట్ అబ్బాయి ఆమెను సైకిలు తొక్కవద్దంటాడు, నలుగురూ చూస్తారని. అక్కడ వాళ్ళ మధ్య పగులు కనిపించింది సైకిలు దగ్గర, నమాజు దగ్గర కాదు.

మన ఊరి నవల కూడా ఒకటి ఉంది. హైదరాబాదులో పుట్టిన సమీనా అలీ ‘మద్రాస్ ఆన్ రైనీ డేస్’ (2004). లైలా అనే అమ్మాయి మినియాపోలిస్‌కూ హైదరాబాదుకూ మధ్య పెరిగి, పాతబస్తీలో సమీర్‌తో పెళ్ళికి కూర్చుంటుంది. ఆమెకో రహస్యం, అతనికో రహస్యం. అంతకన్నా చెప్పను.

---

గట్టుమీదగాలి | మంగళవారం, రాత్రి 9:30

తెల్లచున్నీ గారు రాసింది మూడుసార్లు చదివాను. “యజమానిని కాదు, ఇంటిని” అన్న మాట నన్ను ఆపింది. ఆ పేజీని మళ్ళీ తెరిచాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, కానీ మొదటిసారి చదివినప్పుడు ఆమె వయసు, ఆమె ఒంటరితనం నేను లెక్కలోకి తీసుకోలేదన్నది నిజం. ఒప్పుకుంటున్నాను.

అయితే ఒక భయం ఉంది, సూటిగా చెబుతాను. ఈ చర్చ ఇలా సాగితే, స్త్రీలపై హింస గురించి రాసిన పుస్తకాలను “పడమటివాళ్ళకు నచ్చేలా రాశారు” అని పక్కన పెట్టేస్తామేమో. జోర్డాన్‌కు చెందిన ఫాదియా ఫకీర్ ‘మై నేమ్ ఈజ్ సల్మా’ (2007) ఉంది. ఇక్కడ ముగింపు చెబుతున్నాను, చదవాలనుకున్నవారు ఈ పేరా వదిలేయండి. పెళ్ళికి ముందే గర్భవతి అయిన బెదూయిన్ (ఎడారి సంచార తెగ) అమ్మాయి. సొంతవాళ్ళే చంపుతారని ఆమెను రక్షణ పేరుతో జైల్లో పెడతారు, పుట్టిన పాపను తీసుకుపోతారు. ఇంగ్లండులోని ఎక్సెటర్ చేరి పేరు మార్చుకుని, దర్జీ పని చేసుకుంటూ బతుకుతుంది. కానీ కూతురి ఏడుపు ఆమె చెవుల్లో ఆగదు. కూతురి కోసం తిరిగి ఊరికి వెళుతుంది. చంపేస్తారు. ఇది కల్పన అయినా ఇలాంటి చావులు కల్పన కాదు. మన తెలుగునేల మీద కులం పేరుతో కూతుళ్ళను, అల్లుళ్ళను చంపుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మతం వేరు.

---

తెల్లచున్నీ | మంగళవారం, రాత్రి 11:50

మీరు చివర రాసిన వాక్యమే నా జవాబు కూడా. సల్మాను చంపింది వంశగౌరవం. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టకూడదు. ఇంగ్లండులో సల్మాను కాస్త మనిషిగా నిలబెట్టినవాళ్ళలో పర్వీన్ అనే ముస్లిం అమ్మాయి కూడా ఉందని గుర్తుచేస్తాను. నేను అడిగేది ఒక్కటే. సల్మా కథను చదివినంత శ్రద్ధగా నజ్వా కథను కూడా చదవండి. పుస్తకాల షాపులో సల్మాలు ముందు వరసలో ఉంటారు, అట్ట మీద నల్లటి ముసుగులో రెండు కళ్ళతో. లోపల కథ ఏదైనా అట్ట మీద కళ్ళు మాత్రం అవే.

---

పాతపుస్తకం | బుధవారం, సాయంత్రం 5:15

చర్చ మొదలుపెట్టి నేను వెనక కూర్చుని నేర్చుకుంటున్నాను.

నిన్న రాత్రి కమీలా షంసీ ‘హోమ్ ఫైర్’ (2017) మళ్ళీ తిరగేశాను. గ్రీకు నాటకం ఆంటిగొనీని నేటి లండన్‌లోకి తెచ్చిన నవల. ఇస్మా అనే అక్క విమానాశ్రయంలో గంటలకొద్దీ ప్రశ్నలకు జవాబులు చెబుతూ విమానం తప్పిపోవడంతో కథ మొదలవుతుంది. చెల్లెలు అనీకా హిజాబ్ కట్టుకుంటుంది. పెళ్ళి కాకుండానే ఒక యువకుడి ఇంట్లో రాత్రి గడుపుతుంది. తెల్లవారి అతను లేచి చూస్తే ఆమె నమాజు చేస్తూ ఉంటుంది. మా అయిదుగురిలో ఒకరు అప్పట్లో “ఇదేమి భక్తి?” అన్నారు, ఇంకొకరు “ఇదేమి ఆధునికత?” అన్నారు. ఏకాదశి ఉపవాసం ఉండి మిగతా రోజుల్లో ఎన్నో నియమాలు తప్పే మనల్ని మనం ఏనాడూ ఇలా నిలదీసుకోలేదు. తప్పూ ప్రార్థనా ఒకే మనిషిలో పక్కపక్కన ఉండటం మన ఇళ్ళలో మనకు వింత కాదు, అనీకా దగ్గరికి వచ్చేసరికి వింత అయింది.

వచ్చే నెల మా గుంపులో ‘మినారెట్’నే మళ్ళీ చదవాలని అడిగాను. ఇద్దరు ఒప్పుకున్నారు. ఇరానీచాయ్ గారు చెప్పిన మోజా కహ్ఫ్ నవల ఆ తర్వాత. తెలుగులో షాజహానా కవిత్వ సంపుటి ‘నఖాబ్’ కూడా నా దగ్గర ఉంది. అది చదవకుండా లండన్ దాకా వెళ్ళానే అని ఇప్పుడు బాధగా ఉంది.

---

తెల్లచున్నీ | శుక్రవారం, రాత్రి 10:40

ఈ మూడు రోజులూ ఫోనులో మా అమ్మకు నజ్వా కథ చెప్పాను, తెలుగులో, రాత్రికి కొంత. అమ్మ చదువుకోలేదు, కథ వినడమంటే ప్రాణం.

నజ్వా తల్లి చనిపోయినప్పుడు వఫా అనే ఆవిడ వచ్చి శవానికి స్నానం చేయించి కఫన్ గుడ్డ చుడుతుంది. తర్వాత ఆవిడే నజ్వాను మసీదుకు పిలుస్తుంది. అక్కడ అమ్మ నన్ను ఆపి మళ్ళీ చెప్పమంది. మా ఊళ్ళో చనిపోయిన ఆడవాళ్ళ మయ్యత్‌కు గుసుల్ (ఆఖరి స్నానం) చేయించేది మా అమ్మే, ముప్పై ఏళ్ళుగా. “ఆ పని చేసినామెను ఆ ఇంటివాళ్ళు మరచిపోరు. పిలిస్తే వస్తారు” అంది. నజ్వా మసీదుకు ఎందుకు వెళ్ళిందో మేమందరం ఇన్ని రోజులు వాదించుకున్నాం, అమ్మకు అందులో అడగవలసింది ఏమీ కనిపించలేదు.

ఆఖరికి వచ్చేసరికి, “హజ్‌కు వెళ్ళిందా?” అని అడిగింది. కథ అంతకుముందే అయిపోతుందమ్మా అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “ఆ కుర్రాడిని వదిలేయమని ఇచ్చిన డబ్బు కదా అది. ఆ డబ్బుతో చేసిన హజ్ చెల్లుతుందా? జీతం బాకీ కింద ఇవ్వమని అడిగి ఉండాల్సింది.”

గట్టుమీదగాలి గారూ, పద్దు అన్నారు కదా మీరు. మా అమ్మ మీ వైపే ఉన్నట్టుంది. నా దగ్గర జవాబు లేదు. రేపు డ్యూటీ లేదు, ఆ అధ్యాయం మళ్ళీ మొదటినుంచి చదివి వినిపిస్తానని చెప్పాను.